మా ఇంటి తూకం

డెబ్బై ఎనిమిదో రోజు

ఈ రోజు నుంచి దారి పుస్తకం నేను రాస్తున్నాను. ఇంతవరకూ మా కోడలు తంగేడు రాసేది. ఇప్పుడు దాని చేతుల్లో పాప ఉంటోంది, పెన్సిలు పట్టే తీరిక లేదు. నేను మూడో తరగతి దాకా చదివాను. అక్షరాలు వంకర పోతే పుస్తకం తనిఖీ చేసేవాళ్లు తిడతారేమోనని భయంగా ఉంది. తిట్టరులే అంటాడు మా ఆయన. ఆయనకి దేనికీ భయం ఉండదు. ఆయన వంతు కూడా నేనే పడాలి.

మజిలీ: నల్లవాగు. మనుషులు: ఐదుగురు. నేను, మా ఆయన కొంగయ్య, మా అబ్బాయి పడవ, కోడలు తంగేడు, పాప. ఇంటి తూకం: పన్నెండు టన్నుల నాలుగు వందల కిలోలు. ఇంటి ఎత్తు: మూడు మీటర్ల తొంభై. చక్రాలు: ఆరు. ఆరూ ఉన్నాయి. పొద్దున రెండుసార్లు చూసి వచ్చాను.

రోజుల లెక్క పాప పుట్టిన దగ్గర నుంచి వేస్తున్నాను. పాపకి ఇంకా పేరు లేదు. తొంభయ్యో రోజు పొద్దున తెరతీత. అందాకా మా ఇంటి కిటికీలకు పరదాలు దించే ఉంటాయి. బయటికి తీసుకెళ్తే పాప మొహం మీద బొంత కప్పాలి. ఆ రోజు పొద్దు పొడిచాక బొంత తీస్తాం. బిడ్డ చూపు దేని మీద మూడు ఊపిర్ల సేపు నిలబడితే అదే పేరు. చక్రాల మీద కాపురాలు మొదలైన నాటి నుంచీ మా వాళ్లలో ఇదే పద్ధతి. మా ఆయన కొంగను చూశాడు. మా అబ్బాయి గోదావరిలో పడవను చూశాడు. కోడలు తంగేడు పూలు చూసింది.

నేను గేటు చూశాను.

నా తొంభయ్యో రోజున మా నాన్న ఇల్లు ఎత్తు ఎక్కువై ఒక సొరంగం ముందు ఆగిపోయిందట. ఎదురుగా ఎరుపూ తెలుపూ చారల ఇనప గేటు, మూసి ఉంది. మా అమ్మ బొంత తీయక తప్పలేదు. నేను ఆ గేటునే చూశాను. ఇప్పటికి అరవై ఆరేళ్లుగా గేటమ్మని. "మూసిన గేటుని చూసి పుట్టినదానివి, అందుకే నీకు ప్రతిదీ అడ్డంగానే కనబడుద్ది" అంటాడు మా ఆయన. ఆయన నవ్వుతూ అంటాడు గానీ నాకు అది నిజమే అనిపిస్తుంది.

అందుకని పాప విషయంలో ఏ పొరపాటూ జరగకూడదు. శబరి నది అవతల ముత్యాలధార ఉంది. కొండ మీద నుంచి నీళ్లు తెల్లగా రాలిపడే చోటు. పాప అది చూడాలి. ధార అని పేరు రావాలి. బొంత అంచు మీద ఆ రెండు అక్షరాలూ ఎర్ర దారంతో కుట్టేశాను.

"చూడకముందే కుట్టేశావేంటే? రేపు అది గాడిదను చూస్తే?" అన్నాడు మా ఆయన.

అప్పటి నుంచి గాడిదల గురించి కూడా భయం పట్టుకుంది.

ఎనభయ్యో రోజు

దారిపెట్టెని అడిగాం. అది గోడకి ఉంటుంది, మగగొంతుతో నెమ్మదిగా మాట్లాడుతుంది. కోపం రాదు దానికి. అదే నాకు కోపం.

ముత్యాలధారకి మూడు దారులు చెప్పింది. మూడూ మాకు కావంది. కొండ మలుపుల దారిలో ఎనిమిది మీటర్ల పొడుగు దాటిన ఇళ్లు తిరగలేవు. మాది తొమ్మిది. పాత కోట దారి ఈ నెలంతా విశ్రాంతిలో ఉంది. ఏ రోడ్డుకైనా ఏడాదికి ఒక నెల సెలవు ఇవ్వాలి కదా, దానికి ఇప్పుడే కావాల్సి వచ్చింది. మూడోది సొరంగం దాటి శబరి వంతెన ఎక్కే దారి. సొరంగం ఎత్తు మూడు మీటర్ల డెబ్బై. వంతెన మోసేది పదిన్నర టన్నులు, అదీ దాని ఒంట్లో బాగున్న రోజున.

"క్షమించండి. మీ ఇల్లు ఈ దారికి ఎక్కువ ఎత్తు, ఈ వంతెనకి ఎక్కువ బరువు. పన్నెండు టన్నులు దాటిన ఇళ్లకు బూడిదగుట్ట మీదుగా దారి ఉంది. తొంభయ్యో రోజు ఉదయానికి బూడిదగుట్ట మజిలీ చేరతారు" అంది పెట్టె.

బూడిదగుట్ట నేను చూశాను. పాతకాలంలో బొగ్గు కాల్చిన కరెంటు ఫ్యాక్టరీల బూడిద అంతా అక్కడ పోశారు. గడ్డి కూడా మొలవదు. చెట్టు లేదు, పిట్ట లేదు. బిడ్డ చూపు నిలబెట్టడానికి ఇంకేమీ లేదు.

"బూడిదమ్మ అని పిలుస్తామా?" అని అడిగాను పెట్టెని.

"మీ ప్రశ్న అర్థం కాలేదు" అంది.

నల్లవాగులోనే ఉండిపోదామంటే మజిలీలో పది రోజులకు మించి ఉండనివ్వరు. ఉండనిచ్చినా ఇక్కడ కనిపించేది ఎదుటి ఇంటి వెనకభాగం, దాని కింద మురుగు గొట్టం.

రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. మా ఆయన నా కంచంలో పెరుగు వేసి, "ఇంకా పది రోజులుంది, ఇవాళ్టి బెంగ ఇవాళ పడు చాలు" అన్నాడు.

ఎనభై ఒకటో రోజు

పెట్టెలో పటం నాకు అర్థం కాదు. గీతలు కదులుతూ ఉంటాయి. అందుకని చాప మీద నేనే దారులు పెట్టుకున్నాను. రోడ్డుకి దర్జీ దారం. వంతెనకి చింతపిక్క. సొరంగానికి చీపురుపుల్ల వంచి నిలబెట్టాను. ఇల్లు పోలేని చోట ఎండుమిరపకాయ. ముత్యాలధారకి ఒక పటికబెల్లం ముక్క.

తంగేడు పాపకి పాలిస్తూ వచ్చి పక్కన కూచుంది. చాలాసేపు చూసింది.

"అత్తా, నువ్వు మిరపకాయలు ఎక్కువ పెట్టావు."

"ఉన్నవే పెట్టాను."

"ఈ దారికి మిరపకాయ ఎందుకు?"

"అక్కడ వానొస్తే జారుద్ది కదా."

"వానొస్తుందని పెట్టె చెప్పిందా?"

"చెప్పలేదు. వస్తే?"

అది నవ్వింది. పాప నోట్లోంచి పాలు కారి చాప మీద పడ్డాయి, సరిగ్గా శబరి దగ్గరే. నది పొంగిందని మా ఆయన అరిచాడు. ఆ మాట నాకు నచ్చలేదు. వెంటనే తుడిచేశాను.

ఎనభై మూడో రోజు

ఇవాళ ఇంట్లో గొడవ అయింది. అయింది కనక మంచిదే అయింది. అందుకని వివరంగా రాస్తున్నాను.

మా పక్కన ఆగిన ఇల్లు మా ఇంటిలాంటిదే. అదే పొడుగు, అవే ఆరు చక్రాలు, మా ఇంటి వయసే దానికీ. వాళ్లు పొద్దున బయల్దేరుతుంటే తంగేడు ఎటు పోతున్నారని అడిగింది. శబరి వంతెన మీదుగానట. మీ తూకం ఎంత అంటే పది టన్నుల చిల్లర అన్నారట.

తంగేడు లోపలికి వచ్చి, పాపని నా ఒళ్లో పెట్టి, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"అత్తా, మన తూకం పన్నెండూ నాలుగొందలని ఎవరు చెప్పారు?"

"పెట్టెలో ఉంది. అదే రాస్తున్నాను."

"పెట్టెకి ఎవరు చెప్పారు?"

చెప్పింది నేనే. నాలుగేళ్ల కిందట కాటా వేసినప్పుడు సరిగ్గా పదకొండు టన్నులు వచ్చింది. పెట్టెకి చెప్పేటప్పుడు నేను పదకొండున్నర అని చెప్పాను. తక్కువ చెప్పి వంతెన కూలితే ఆ పాపం ఎవరిది? అయిదు వందలు ఎక్కువ చెప్తే దేవుడు కూడా ఏమనుకోడు. ఆ మాటే చెప్పాను.

మా పడవ స్టీరింగు తుడుస్తున్నవాడు ఆగిపోయాడు. "నువ్వు కలిపావా? అయ్యో అమ్మా, నేను కూడా నాలుగొందలు కలిపాను!"

"నువ్వెందుకురా?"

"నువ్వు మాకు తెలీకుండా సామాన్లు దాస్తావని. కలిపేశాను, ఎందుకొచ్చిన గొడవని."

అందరం మా ఆయన వైపు చూశాం. ఆయన పైకప్పు వైపు చూస్తున్నాడు.

"ఏమయ్యా?"

"పాప పుట్టింది కదా" అన్నాడు మెల్లగా. "ఒక అయిదొందలు వేశాను."

"అయిదొందల కిలోల పాపా?" అంది తంగేడు.

"ఉయ్యాల, గుడ్డలు, నీళ్లు..." అని వేళ్లు మడవబోయి ఆయనే ఆగిపోయాడు. నాకు తెలిసి నలభై నాలుగేళ్లలో ఆయన భయపడ్డట్టు కనబడడం అదే మొదటిసారి. నాకు ఎందుకో ముద్దొచ్చాడు.

ఎత్తు కూడా అంతే. మూడు మీటర్ల అరవై ఉంటుందేమోనని పడవ అంటే నేను ఒక జానెడు కలిపాను, ఆయన నా జానెడు చిన్నదని ఇంకాస్త కలిపాడు.

తంగేడు ఏడుస్తుందేమో అనుకున్నాను. అది గోడకి చేరబడి పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వీ నవ్వీ, కళ్లు తుడుచుకుని, "రేపు ధర్మకాటాకి పోదాం. ఉన్నది ఉన్నట్టు చెప్పుద్ది" అంది.

నాకు నిద్ర పట్టలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్తే ఇంక నా చేతిలో అడ్డం పెట్టుకోవడానికి ఏముంటుంది?

ఎనభై నాలుగో రోజు

ధర్మకాటా నల్లవాగు చివర ఉంది. ఇంటిని ఇనప పలక మీదకి ఎక్కించాం. మేం అందరం లోపలే కూచున్నాం. ఊపిరి బిగబట్టాను, తూకం తగ్గుతుందేమోనని. తగ్గదట.

పది టన్నుల తొమ్మిది వందల ఎనభై.

వెదురు గడ పెట్టి ఎత్తు కొలిచారు. మూడు మీటర్ల యాభై అయిదు. సొరంగం పడుతుంది! చాప మీద చీపురుపుల్ల పక్కనున్న మిరపకాయ తీసేశాను.

వంతెనకి మాత్రం ఇంకా నాలుగు వందల ఎనభై ఎక్కువ ఉంది. దించాలి. ఏది దించాలని ఇల్లంతా వెతికారు. వెతుకుతారని నాకు తెలుసు. అందుకే వెళ్లి నా మంచం మీద కూచున్నాను, లేవలేదు.

"లే అమ్మా" అన్నాడు పడవ.

"నడుం నొప్పి."

"లేవే గేటూ" అన్నాడు మా ఆయన. ఆయనే చెయ్యి పట్టి లేపాడు.

మంచం కింద అరవై రెండు ఇటుకలు ఉన్నాయి. ఏటవాలు దారిలో ఇల్లు వెనక్కి జారితే చక్రాల కింద పెట్టడానికి. ఒక్కో మజిలీలో ఒకటీ రెండూ ఏరాను. ఎన్నేళ్లుగా ఏరానో నాకే గుర్తు లేదు. పడవ ఒక్కొక్కటే బయటికి తీసి పేరుస్తుంటే సిగ్గుతో చచ్చిపోయాను. చివరి ఇటుక తీశాక నా పక్కన కూచున్నాడు.

"ఎప్పుడైనా జారిందా అమ్మా, మనిల్లు?"

"లేదు."

"మరి?"

"ఇటుకలున్నాయి కదరా, అందుకే జారలేదు."

వాడు నా భుజం మీద తల పెట్టి నవ్వాడు. ముప్పై ఏళ్ల వాడి తల బరువుగా ఉంది. అది కాటాలో కలిసే ఉంటుంది.

ఎనభై అయిదో రోజు

దించినవి: ఇటుకలు అరవై రెండు. అటక మీది నీళ్ల డ్రమ్ములు అయిదు. రుబ్బురోలు ఒకటి. అన్నీ కలిపి నాలుగు వందల డెబ్బై ఆరు. మిగిలిన నాలుగు కిలోలకి వంతెన దగ్గర మేం దిగి నడిస్తే సరిపోతుంది.

దించానన్నాను గానీ పారెయ్యలేదు. మజిలీ కుళాయి దగ్గర ఎప్పుడూ బురద. ఆడవాళ్లు బిందె పట్టుకుని జారుతుంటారు. ఆ ఇటుకలు అక్కడ పరిచాం. మా ఆయన మోకాళ్ల మీద కూచుని చెక్కతో సమంగా కొట్టాడు. రుబ్బురోలు నీడలో పెట్టాం, వచ్చే ఇళ్ల వాళ్లు రుబ్బుకోవచ్చు. డ్రమ్ములు నింపి ఉంచాం.

బయల్దేరేటప్పుడు వెనక్కి చూద్దామంటే పరదాలు దించి ఉన్నాయి.

ఎనభై ఏడో రోజు

సొరంగం దాటాం. పైకప్పుకీ రాతికీ మధ్య జానెడు ఖాళీ ఉందని పడవ చెప్పాడు. ఎవరి జానెడు అని అడిగాను. ముందుకు చూసి నడుపుతున్నానమ్మా, మాట్లాడించకు అన్నాడు.

సొరంగం ముందు ఎరుపూ తెలుపూ చారల గేటు ఉంది. మా తూకం, ఎత్తూ చదువుకుని దానంతట అదే పైకి లేచింది. అది లేచేదాకా నేను కళ్లు మూసుకునే ఉన్నాను.

ఎనభై ఎనిమిదో రోజు

శబరి వంతెన.

వంతెన కాసే అమ్మాయి పేరు వీరవేణి. నలభై ఏళ్లుంటాయి. చక్రాల మనిషి కాదు, నేల మీద ఇంట్లోనే పుట్టింది. అందుకే వాళ్లమ్మ పేరు ముందే అనుకుని పెట్టుకోగలిగింది. వంతెన పక్కనే ఒక గది, గది ముందు బంతి మొక్కలు. వంతెన కింద ఇనప దూలాల్లో సన్నటి తీగలు ఉన్నాయట. ఎక్కడ నొప్పి పుట్టినా వాటికి తెలుస్తుందట. రోజూ పొద్దున ఆరింటికి ఆ రోజు ఎంత మోయగలదో వంతెనే చెబుతుంది.

"ఇవాళ తొమ్మిదీ ఏడొందలంటందండి" అంది వీరవేణి. "పైన వానలు పడ్డాయి. నీళ్లు కాళ్లకి కొడతన్నాయి దీనికి."

మావి పది టన్నుల అయిదు వందల నాలుగు. మేం ముగ్గురం పాపతో దిగి నడిస్తే ఇంకో నూట డెబ్బై తగ్గుతుంది. పది టన్నుల మూడు వందల ముప్పై నాలుగు. అయినా చాలదు.

రేపు చెప్పలేమండి అంది. ఎల్లుండి తొంభయ్యో రోజు.

ఎనభై తొమ్మిదో రోజు

పది టన్నుల నూరు.

చాలదు. ఇంకేమి దించాలని ఇల్లంతా తిరిగాను. ఉల్లిపాయల జడ చేత్తో తూచి చూశాను. పాప ఉయ్యాల చూశాను. నా చెప్పులు విప్పి పట్టుకుని నిలబడితే తంగేడు వచ్చి తీసుకుని మళ్లీ నా కాళ్ల దగ్గర పెట్టింది.

సాయంత్రం వీరవేణి టీ ఇచ్చింది. ఇద్దరం వంతెన మొదట్లో కూచున్నాం. పెట్టెకి తూకం ఎలా చెప్పామో ఆమెకి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను.

"తక్కువ చెప్పేవాళ్లని రోజూ చూత్తానండి. ఎక్కువ చెప్పేవాళ్లని మిమ్మల్నే చూశాను" అంది.

"మంచికే కదమ్మా చెప్పాను."

"మంచికేనండి. కానీ మామ్మగారూ, ఎక్కువ చెప్పినా అబద్ధవేగా? దీనికి అబద్ధం పనికి రాదు. నిజం చెప్తే పాపం ఎంతయినా ఓర్చుకుంటది."

రెయిలింగు మీద చెవి పెట్టమంది. పెట్టాను. లోపల సన్నగా మూలుగుతోంది, నిద్రలో పసిబిడ్డ మూలిగినట్టు. నీళ్ల చప్పుడని చెప్పింది. నాకు అలా అనిపించలేదు. నా చేత్తో ఆ ఇనుముని కాసేపు నిమిరాను. ఎంతమంది భయాలు మోసిందో అది.

తొంభయ్యో రోజు

ఇది మధ్యాహ్నం రాస్తున్నాను. అక్షరాలు చూసి ఏమీ అనుకోవద్దు.

తెల్లవారుజామున వాన లేదు. ఆరింటికి వీరవేణి గదిలోంచి అరిచింది.

"పదీ నాలుగొందలు! కానివ్వండి, కానివ్వండి, మళ్లీ మనసు మార్చుకుంటది!"

వంతెన నియమం ప్రకారం ఇల్లు దాటేటప్పుడు నడిపే మనిషి తప్ప లోపల ఎవరూ ఉండకూడదు. పసిబిడ్డ ఉంటే ఇల్లు అవతలికి చేరాకే దాటించాలి. తంగేడు పచ్చగుడ్డ పట్టుకుని ముందే అవతలికి నడిచింది, మొగుడికి సైగ చెయ్యడానికి. మా ఆయన చెక్క ముక్క పట్టుకుని ఇంటి వెనకాల నడిచాడు, చక్రం ఆగితే అడ్డం పెట్టడానికి. నేను పాపని ఎత్తుకుని ఇవతల ఉండిపోయాను. పాప మొహం మీద బొంత. బొంత మీద ధార. ఇల్లు అవతలికి చేరితే అక్కడి నుంచి ముత్యాలధారకి ముప్పావు గంట.

ఇల్లు వంతెన ఎక్కింది. అది నా కళ్ల ముందు నుంచి దూరంగా పోవడం మొదలుపెట్టింది.

నేను పుట్టింది ఇంటి లోపల. అరవై ఆరేళ్లుగా దాంట్లోనే తిరుగుతున్నాను, పుట్టింటిదొకటి, ఇదొకటి. ఆగి ఉన్న ఇంటిని బయటి నుంచి రోజూ చూస్తాను. కదులుతున్న మా ఇంటిని ఎప్పుడూ చూడలేదు. కదిలేటప్పుడు లోపలే ఉంటాం కదా. ఇల్లు సగం వంతెన దాటేసరికి ఇంక ఉండలేకపోయాను. పాప మెడ సందిట్లోకి ఆనించుకుని, రెండు చేతులూ జోడించి, తల్లీ కొంచెం ఓర్చుకో అని వంతెనకి దణ్ణం పెట్టాను.

చేతులు జోడిస్తే బొంత ఎవరు పట్టుకుంటారు?

చూసేసరికి బొంత పాప గడ్డం కిందకి జారి ఉంది. ఎండ దాని నుదుటి మీద పడుతోంది. పొద్దు పొడిచే ఉంది. పాప కళ్లు ఇంత చేసుకుని చూస్తోంది. నా వైపు కాదు, నీళ్ల వైపు కాదు. వంతెన మీద పోతున్న మా ఇంటి వైపు. ఒక ఊపిరి, రెండు, మూడు. నేను లెక్కపెట్టకూడదనుకుంటూనే లెక్కపెట్టాను. పది దాకా లెక్కపెట్టాను. ఇల్లు ఎటు పోతే చూపు అటు పోయింది.

బొంత గబుక్కున పైకి లాగాను.

వీరవేణి గదిలో తూకపు ముళ్లు చూసుకుంటోంది. మా ఆయన చక్రాలు చూస్తున్నాడు. తంగేడు మొగుణ్ణి చూస్తోంది. ఎవరూ చూడలేదు. ఇల్లు అవతల దిగింది, అందరూ కేకలు పెట్టారు, నన్ను రమ్మని చెయ్యి ఊపారు. నేను పాపని పట్టుకుని వంతెన అంతా నడిచాను. ఎంత పొడుగో ఆ వంతెన. దార్లో ఇంటిలో కూచుని ఒక్క మాట మాట్లాడలేదు. భయం తీరాక నీరసమొచ్చిందనుకున్నారు. ఎవరికి చెప్పాలి? చెప్పకపోతే ఏమవుతుంది? ధార అని వస్తుంది. అందమైన పేరు. ఒక్క ముప్పావు గంట నోరు మూసుకుంటే చాలు.

ముత్యాలధార నిజంగానే గొప్పగా ఉంది. అది రాయకపోతే తప్పు. నీళ్లు కొండ మీద నుంచి కాదు, మబ్బులోంచి దిగుతున్నట్టున్నాయి. తుంపర మా మీద పడుతోంది. అందరం చుట్టూ నిలబడ్డాం. తంగేడు తలస్నానం చేసి, ఆరని జుట్టుతోనే బొంత అంచు పట్టుకుంది.

"ఆగమ్మాయ్" అన్నాను.

"ఏంటత్తా?"

"చూసేసింది."

అంతా చెప్పాను. దణ్ణం పెట్టడం, బొంత జారడం, పది ఊపిర్లు. నీళ్ల హోరులో గట్టిగా అరిచి చెప్పాల్సి వచ్చింది. అలాంటి మాట అరిచి చెప్పడం ఎంత కష్టమో.

మా ఆయన తల గోక్కున్నాడు. పడవ తన పెళ్లాం మొహం చూశాడు. నేను తంగేడు కాళ్లనే చూస్తూ నిలబడ్డాను. "నీకు చెప్పకుండా ఉందామనుకున్నానే, నిజంగానే అనుకున్నాను" అన్నాను. "నా పేరులాగే అయిపోయింది. పిల్లకి మంచిది చూపించలేకపోయాను."

తంగేడు బొంత మీది అక్షరాలని వేలితో తడిమింది. తర్వాత నా దగ్గరగా వచ్చింది.

"మనిల్లు ఎలా ఉందత్తా?"

"ఎలా ఉండడమేంటి?"

"పోతుంటే. నేనూ ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు కూడా ముందు అద్దమే చూశాను, ఆయన్నే చూశాను. వెనక నుంచి ఎలా ఉంది?"

చెప్పాను. చిన్నదిగా ఉంది అన్నాను. లోపలున్నప్పుడు అంత చిన్నదని తెలీదు. పసుపు రంగు ఎండకి వెలిసిపోయి జున్ను రంగులోకి వచ్చింది. వెనక తీగ మీద పాప గుడ్డలు ఊగుతున్నాయి, ఏడు. వంటింటి కిటికీ బయట నా ఉల్లిపాయల జడ అటూ ఇటూ ఊగుతోంది. నా మంచం ఉన్న వైపు కొంచెం ఒరిగి ఉంది, ఇటుకలు తీసినా ఆ ఒరుగు పోలేదు. మీ మామ వెనకాల చెక్క ముక్క పట్టుకుని పెళ్లికొడుకులా నడుస్తున్నాడు.

"లోపల కూచుని ఇన్నేళ్లూ అది పడిపోద్దని భయపడ్డానే" అన్నాను. "బయటి నుంచి చూస్తే పడిపోయేదానిలా లేదు."

తంగేడు తడిజుట్టుతోనే నన్ను పట్టుకుంది, మధ్యలో పాప.

"మన వాళ్లలో ఆ పేరు ఎవరికైనా ఉందా నాన్నా?" అన్నాడు పడవ.

"ఎక్కడుంటదిరా? ఇంట్లో కూచుని ఇంటిని ఎవరు చూత్తారు?" అన్నాడు మా ఆయన. పాప బుగ్గ మీద వేలు పెట్టి, "ఇల్లమ్మా" అని పిలిచాడు. పిలిచి, నోట్లో ఎలా ఉందో చూసుకుంటున్నట్టు మళ్లీ పిలిచాడు.

అప్పుడు బొంత తీశాం, ధార చూపిద్దామని. మొహం మీద తుంపర పడి పాప కెవ్వున ఏడ్చింది. కొండ వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

బొంత మీది అక్షరాలు విప్పుతానంటే తంగేడు ఒప్పుకోలేదు. ఉండనివ్వు, అది బొంత పేరు అంది.

సాయంత్రం లోగా పుస్తకంలో రాయాల్సినవి కింద రాస్తున్నాను. తనిఖీ చేసేవాళ్లు గమనించగలరు.

మజిలీ: ముత్యాలధార. మనుషులు: ఐదుగురు. బిడ్డ పేరు: ఇల్లు. పేరు చూసినవారు: గేటమ్మ, నాయనమ్మ. బిడ్డ తూకం: ఐదు కిలోల ఎనిమిది వందలు. ఏమీ కలపలేదు.

ఇంటి తూకం అందరం ఎక్కాక పది టన్నుల అయిదు వందల నాలుగు. దించిన ఇటుకలు అరవై రెండని ఎనభై అయిదో రోజున రాశాను. అది తప్పు. దించినవి అరవై ఒకటి. ఒకటి నా దిండు కింద ఉంది. దాని బరువు మూడు కిలోలు. పది టన్నుల అయిదు వందల ఏడు అని దిద్దుకోవాలి.